గేదెపాల కాఫీకి ఏది నిలబడుతుంది? ఫిల్టరు, మోకా పాట్, ఫ్రెంచ్ ప్రెస్, మిగతావి

నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో కాఫీ అంటే పాలకాఫీయే. అదీ ఎక్కువగా గేదెపాలతో. కాఫీ సాధనాల మీద వచ్చే రివ్యూలు చాలావరకు బ్లాక్ కాఫీ తాగేవాళ్ల లెక్కలో రాసినవి. వాళ్లు ఆకాశానికెత్తిన సాధనం తెచ్చి, అందులో దిగిన పల్చటి కాఫీలో ఆరేడు శాతం వెన్న ఉన్న పాలు పోస్తే మిగిలేది రంగు మారిన పాలే. అందుకని ఇక్కడ ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్నతో చూశాం: వంద మి.లీ. చిక్కటి పాలల్లో పోసినా కాఫీ రుచి తెలిసేంత డికాషన్ ఇది ఇస్తుందా, లేదా? బ్లాక్ కాఫీకి మాత్రమే పనికొచ్చేవాటిని ఆ మేరకే చెప్పి వదిలేశాం.

ముందు మన ఫిల్టరు. స్టీలుదైనా ఇత్తడిదైనా భాగాలు నాలుగే: అడుగున చిల్లులున్న పైగిన్నె, పొడిని అణిచిపట్టే కాడ ఉన్న బిళ్ల, డికాషన్ దిగే కిందిగిన్నె, మూత. నెల్లూరు చిన్నబజారులో కొన్నా, ఒంగోలు ట్రంకు రోడ్డు మీద కొన్నా, చూడాల్సింది మెరుపు కాదు, చిల్లులు. పైగిన్నెను వెలుతురుకు ఎత్తి లోపలినుంచి చూడండి. చిల్లులు సన్నగా, అన్నీ ఒకే సైజులో, అడుగంతా పరుచుకుని ఉండాలి. చవక రకాల్లో మధ్యలో మాత్రం గుండ్రంగా పొడిచి అంచు చుట్టూ ఖాళీ వదిలేస్తారు. ఆ అంచున ఉన్న పొడిలోంచి నీళ్లు సరిగా దిగవు, అంటే మీరు వేసిన పొడిలో కొంత దండగే. తరవాత పైగిన్నెను కిందిగిన్నెలో కూర్చోబెట్టి చూడండి. ఊగిపోకూడదు, అలాగని బిగుసుకుపోనూ కూడదు. ఎందుకో కింద చెబుతాం.

సైజు దగ్గర చాలామంది బోల్తా పడతారు. పైగిన్నెలో పొడి కనీసం ఒక అంగుళం మందాన ఉంటేనే నీళ్లు నెమ్మదిగా, అంతా తడుపుకుంటూ దిగుతాయి. ఆరు కప్పుల ఫిల్టరులో ఇద్దరికి సరిపడా పొడి వేస్తే అది పల్చటి పొర అవుతుంది, నీళ్లు దాన్ని తాకీ తాకకుండా జారిపోతాయి. ఇద్దరున్న ఇంటికి చిన్నదే సరి. పండక్కి చుట్టాలొస్తారని పెద్దది కొనేకన్నా చిన్నవి రెండు కొనుక్కోవడం నయం.

ఇత్తడి ఫిల్టరు చూడ్డానికి బాగుంటుంది. కానీ లోపల కళాయి ఉండి తీరాలి. కాఫీ కొంచెం పుల్లనిది కాబట్టి కళాయి పోయిన ఇత్తడిలో గంటలకొద్దీ నిలవుంటే రాగి దిగుతుంది. కళాయి వేసేవాళ్లు దొరకడమే గగనమైన ఈ రోజుల్లో రోజువారీ వాడకానికి స్టీలుదే మా ఓటు.

ఇక పద్ధతి. నలుగురికి 30 గ్రాముల పొడి, 200 మి.లీ. నీళ్లు. ఇంట్లో తూకం లేకపోతే గుండుగా తీసిన టేబుల్ స్పూన్లు నాలుగైదు అవుతాయి, కానీ వెయ్యి రూపాయల లోపు దొరికే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనుక్కుంటే రోజుకో రుచి అన్న గొడవ పోతుంది. పైగిన్నె పూర్తిగా పొడిగా ఉండాలి. తడి ఉంటే పొడి చిల్లులకు అతుక్కుని ముద్ద కడుతుంది. పొడి వేసి, గిన్నెను రెండుసార్లు తట్టి చదును చేసి, పైన బిళ్ల పెట్టి వేలితో తేలిగ్గా అణచండి. నొక్కి పిండి చేయొద్దు. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. మొదట మూడు నాలుగు చెంచాల నీళ్లు బిళ్ల మీద చుట్టూ తిప్పుతూ పోయండి. పొడి ఉబ్బి లోపలి గాలి బయటికొస్తుంది. అర నిమిషం తరవాత మిగతా నీళ్లు సన్న ధారగా పోసి మూత పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాల్లో 140 మి.లీ. దాకా డికాషన్ దిగుతుంది. మిగతా 60 మి.లీ. పిప్పి పట్టేసుకుంటుంది, అది మళ్లీ రాదు. పొడీ నీళ్ల నిష్పత్తి సుమారు 1:7. చిక్కటి పాలకు తట్టుకోవాలంటే ఈ మాత్రం బలం కావాలి.

దీంట్లో వచ్చే తిప్పలు ఎక్కువగా రెండే. ఒకటి, అయిదు నిమిషాల్లోపే దిగిపోవడం. పొడి మరీ బరకగా ఉంది, లేదా బిళ్ల పెట్టకుండా నీళ్లు పోయడంతో పొడి ఒక పక్కకి కొట్టుకుపోయి గుంట పడింది. డికాషన్ రంగుంటుంది, బలం ఉండదు. రెండోది, సగం దిగి ఆగిపోవడం. అప్పుడు చాలామంది చేసే పని చెంచా పెట్టి కెలకడం. దాంతో సన్నపొడి చిల్లుల్లో కూరుకుని ఇంకా బిగుస్తుంది, కొంత కిందికీ పడుతుంది. ముందు పైగిన్నెను ఒక్క మిల్లీమీటరు పైకి లేపి వదలండి. రెండు గిన్నెలూ బిగుతుగా కూర్చుంటే కిందిగిన్నెలోని గాలి బయటికి పోలేక డికాషన్‌ను ఆపేస్తుంది. లేపగానే బుస్సుమని మళ్లీ చుక్కలు మొదలైతే జబ్బు అదే. అప్పటికీ దిగకపోతే పొడి మరీ మెత్తనిది, లేదా చికోరీ ఎక్కువ, లేదా చిల్లులు పూడిపోయాయి.

పూడిన చిల్లులకు పాత పద్ధతి ఒకటుంది. ఖాళీ పైగిన్నెను పట్టకారుతో పట్టుకుని అడుగును సన్నమంట మీద నిమిషం చూపిస్తే లోపల ఇరుక్కున్న పొడి మాడి, తట్టగానే రాలిపోతుంది. స్టీలుకైతే ఇది దివ్యంగా పనిచేస్తుంది. కళాయి వేసిన ఇత్తడికి మాత్రం వద్దు. కళాయి తగరం, అది 232 డిగ్రీలకే కరుగుతుంది, గ్యాసు మంట వేడి దానికి ఎన్నో రెట్లు. తెల్లటి ఉప్పు పెంకు కట్టి పూడితే మంటతో పోదు. అర లీటరు వేడినీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి స్టీలు గిన్నెను అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి.

దిగిన డికాషన్‌ను మళ్లీ కాచొద్దు. చేదెక్కి, వాసన పోతుంది. పాలు పొంగుతున్న వేడి మీదుంటే డికాషన్ చల్లగా ఉన్నా ఫరవాలేదు. గేదెపాలైతే వంద మి.లీ.కి 35 మి.లీ. డికాషన్, మూడు శాతం వెన్న ఉన్న టోన్డ్ ప్యాకెట్ పాలైతే 25 చాలు. గ్లాసుకీ దబరాకీ మధ్య మూడు నాలుగుసార్లు ఎత్తి పోస్తే నురుగొస్తుంది, పంచదారా కరుగుతుంది. అదే పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి తీసే రెండో డికాషన్‌లో మిగిలేది చేదు, చికోరీ రంగు. మొదటిదాన్ని పల్చబరచడానికి తప్ప దాంతో విడిగా కాఫీ కలపడం అతిథిని అవమానించడమే. రాత్రి వేసి పొద్దున వాడే అలవాటుంటే చలికాలం చెల్లుతుంది. రోహిణీ కార్తె ఎండల్లో మాత్రం దిగగానే ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజుకే వాడేయండి.

ఫిల్టరు మీద మా తీర్పు చెప్పేముందు పొడి సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం ఫిర్యాదులు గిన్నె మీద కాదు, పొడి మీద రావాల్సినవి. చికోరీ అనేది వేయించిన వేరు. దాన్లో కెఫీన్ ఉండదు. నీళ్లలో కాఫీకన్నా సులువుగా కరిగి రంగూ చిక్కదనమూ ఇస్తుంది, నీళ్లు పీల్చి ఉబ్బి దిగుడును నెమ్మది చేస్తుంది. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతెంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. ముందువైపు బొమ్మలు కాకుండా ఆ చిన్న అక్షరాలు చదవండి. ఫిల్టరులో గేదెపాల కాఫీకి 80:20 మంచి మధ్యదారి. 70:30 దాటితే నాలుక మీద చిక్కదనం పెరుగుతుంది గానీ కాఫీ వాసన పడిపోతుంది. సగానికి సగం చికోరీ ఉన్నది ధరలో చవక, కాఫీలోనూ అంతే.

గింజలు వేయించి ఎదురుగా ఆడించి ఇచ్చే కొట్టు దగ్గర్లో ఉంటే ప్లాంటేషన్, పీబెర్రీ, రోబస్టా అన్న మాటలు వినబడతాయి. ప్లాంటేషన్ అంటే నీళ్లలో కడిగి పప్పు తీసిన అరబికా, ఏ, బీ, సీ అన్నవి గింజ సైజు తరగతులు. పీబెర్రీ అంటే పండులో రెండు పప్పులకు బదులు ఒక్కటే గుండ్రంగా కట్టిన గింజ. దానికి ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన పాలల్లో అంత తేడా తెలియదు. రోబస్టాలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు, చేదూ చిక్కదనమూ ఎక్కువ. పాలకాఫీకి అరబికా రెండు పాళ్లు, రోబస్టా ఒక పాలు కలిపించుకుంటే చికోరీ పది శాతానికి తగ్గించినా బలం తగ్గదు. ఆడించేటప్పుడు 'ఫిల్టరుకు' అని చెప్పండి. వేళ్ల మధ్య రాస్తే పంచదార కన్నా సన్నగా, మైదా కన్నా బరకగా తగలాలి. ఒకేసారి కిలో కొనొద్దు. సముద్రపు గాలి తేమకి పొడి రెండు వారాల్లో చచ్చుబడుతుంది. నూట యాభై, రెండొందల గ్రాములు తెచ్చుకుని గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టుకోండి.

నీళ్లు ఇంకో తలనొప్పి. తీరం దగ్గరి బోరునీళ్లు ఉప్పన, లోపలి మెట్ట ఊళ్లల్లో కఠినం. కఠినమైన నీళ్లలో ఉండే బైకార్బొనేటు కాఫీలోని పులుపును చంపేసి, సుద్ద కలిపినట్టు చప్పగా చేస్తుంది. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడు ఉంది కాబట్టి బోరునీళ్లు అసలు వాడొద్దు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్‌వో నీళ్లే గతి. అయితే ఇరవై లీటర్ల క్యానుల్లో వచ్చే నీళ్లలో చాలాసార్లు లవణాలు మరీ తక్కువ. కాఫీకి టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాల లెక్క, మిల్లీగ్రాముల్లో) 150 చుట్టుపక్కల ఉంటే మంచిది, 75 నుంచి 250 దాకా ఫరవాలేదు. 30, 40 దగ్గరుంటే రుచి పట్టు లేకుండా పుల్లగా, పల్చగా వస్తుంది. ఇంట్లో ఆర్‌వో మిషను ఉంటే టీడీఎస్ సర్దే మర ఉందేమో మెకానిక్కును అడగండి. ఉన్నా, వచ్చే నీళ్లు ఫ్లోరైడువైతే దాన్ని తిప్పించొద్దు, అది కలిపేది ఆర్‌వో దాటని నీళ్లనే. నెల్లూరు మునిసిపల్ నీళ్లో, ఒంగోలుకు వచ్చే సాగర్ కాలువ నీళ్లో వడపోసి కాచి వాడుకునే ఇళ్లకు ఈ బాధ తక్కువ.

ఫిల్టరుకు లోటు ఒకటే, సమయం. పొద్దున ఏడింటికి బస్సెక్కాల్సినవాళ్లు ఇరవై నిమిషాలు చుక్కలు లెక్కపెడుతూ కూర్చోలేరు. వాళ్లకి మోకా పాట్.

ఇటలీలో 1933లో బియాలెట్టి తెచ్చిన సాధనం ఇది. కింద నీళ్ల గిన్నె, దానికో సేఫ్టీ వాల్వు, మధ్యలో పొడి పోసే గరాటు, పైన కాఫీ చేరే గిన్నె. నీళ్లు కాగి ఆవిరి ఒత్తిడికి గరాటులోంచి పైకి ఎగదన్ని పొడిని దాటుకుని పై గిన్నెలోకి వస్తాయి. ఒత్తిడి ఒకటి రెండు బార్లే (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). హోటల్ మిషన్లు గట్టి ఒత్తిడితో తీసే ఎస్‌ప్రెసోకి కావాల్సింది తొమ్మిది. కాబట్టి పెట్టె మీద 'ఎస్‌ప్రెసో మేకర్' అని ఉన్నా ఇది చేసేది ఎస్‌ప్రెసో కాదు, చిక్కటి డికాషన్. మనకి కావాల్సింది కూడా అదే.

మూడు కప్పుల సైజులో సుమారు 150 మి.లీ. నీళ్లు, 15 గ్రాముల పొడి పడతాయి. నీళ్లు వాల్వుకు కాస్త కిందివరకే పోయాలి, వాల్వు మునగకూడదు. పొడి గరాటు నిండా పోసి వేలితో చదును చేయండి, అణచొద్దు. గట్టిగా బిగించి సన్నమంట మీద పెట్టి, మూత తీసి చూస్తుండండి. అయిదారు నిమిషాల్లో తేనెరంగు ధార మొదలవుతుంది. ధార పాలిపోయి బుడబుడమనగానే దించి, అడుగును పంపు కింద పెట్టండి. ఆ బుడబుడను చివరిదాకా కానిచ్చేవాళ్లే 'మోకా చేదు' అంటారు. వచ్చే నూట పది, నూట ఇరవై మి.లీ.లతో రెండు పాలకాఫీలు అవుతాయి. మూడు కప్పులన్నది ఇటలీవాళ్ల చిట్టి కప్పుల లెక్క. ఫిల్టరు డికాషన్ కన్నా కొంచెం పల్చన కాబట్టి వంద మి.లీ. పాలకు యాభై దాకా పోయాలి.

మన వంటింట్లో దీనికి మూడు ఇబ్బందులున్నాయి. అడుగు చిన్నది, గ్యాసు పొయ్యి కాళ్ల మధ్య ఒరిగిపోతుంది. పైన పెట్టుకునే చిన్న ఇనప జల్లి స్టాండు తప్పదు. మంట గిన్నె అడుగు దాటి పక్కలకి ఎక్కితే ప్లాస్టిక్ పిడి కరుగుతుంది. రెండు, అల్యూమినియంది ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు, స్టీలుది కొనాలి. మూడోది అసలైనది: చికోరీ పొడి ఇందులో వేయొద్దు. ఉబ్బి గరాటును మూసేస్తుంది, ఒత్తిడి పెరిగి పక్కలనుంచి ఆవిరి చిమ్ముతుంది, వాల్వు తెరుచుకుంటుంది. ఉత్త కాఫీ పొడి, ఫిల్టరు పొడి కన్నా ఒక పిసరు బరకగా ఆడించింది వాడండి. తప్పదంటే పది శాతం చికోరీ దాకా. అల్యూమినియం పాట్‌ను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమే అలవాటు మానండి. ఆ పులుపుకి పైనున్న రక్షణ పొర పోయి లోహపు రుచి దిగుతుంది. ఉత్తనీళ్లతో కడిగి, భాగాలు విడదీసి ఆరబెట్టాలి. బిగింపు దగ్గర ఆవిరి తోసుకొస్తుంటే రబ్బరు వాషరు అయిపోయిందని అర్థం. ప్రెషర్ కుక్కర్ వాషరు లాగే అదీ మార్చుకునే వస్తువు, పాట్ కొన్నప్పుడే ఒకటి అదనంగా తెప్పించుకోండి.

ఫ్రెంచ్ ప్రెస్ అంటే గాజు జాడీ, అందులో కాడతో కిందికి నొక్కే జల్లి. దానికి పేరు ఎక్కువ, మన ఇళ్లలో పని తక్కువ. బరక పొడి 15 గ్రాములకు 240 మి.లీ. వేడినీళ్లు, నాలుగు నిమిషాలు, జల్లిని నెమ్మదిగా దించడం, వెంటనే వేరే పాత్రలోకి ఒంపడం. అంతే పని. నిష్పత్తి 1:16, అంటే బ్లాక్ కాఫీకి కుదురుతుంది, గేదెపాలకు కాదు. పొడి రెట్టింపు చేస్తే పాలకాఫీ అవుతుంది గానీ ఖర్చూ రెట్టింపే. ఇంట్లో ఉన్న ఫిల్టరు పొడినే ఇందులో వేసేవాళ్లకి రెండు అనుభవాలు తప్పవు: కప్పు అడుగున బురద, దిగనని మొరాయించే జల్లి. బలంగా నొక్కితే గాజు పగులుతుంది, వేడినీళ్లు చేతిమీద పడతాయి. బిగిస్తే నొక్కకుండా పైకి లాగి, కలిపి, మళ్లీ దించండి. దీనికి రెండు మంచి ఉపయోగాలు మాత్రం ఉన్నాయి. వేడిపాలు మూడోవంతు పోసి జల్లిని ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడిస్తే హోటల్ నురుగు వస్తుంది. ఎండాకాలం 60 గ్రాముల బరక పొడిని అర లీటరు చల్లటి నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పన్నెండు నుంచి పదహారు గంటలు ఉంచి వడగడితే కోల్డ్ బ్రూ. దాన్ని చల్లటి పాలతో సగంసగం కలుపుకోవచ్చు, చేదు ఉండదు. ఇందుకోసమే కొంటే మాత్రం ఆగండి, ఇదే పని మూతున్న సీసా, పల్చటి గుడ్డా చేసిపెడతాయి.

వి60 లాంటి గరాటు, కాగితం పద్ధతి పాలకి కాదు. 15 గ్రాముల పొడి, 250 మి.లీ. నీళ్లు, మొదట 30 మి.లీ. పోసి అర నిమిషం ఆగి, మిగతావి విడతలుగా పోసి మూడు నిమిషాల్లో ముగించాలి. కాగితాన్ని ముందు వేడినీళ్లతో తడపకపోతే అట్టవాసన వస్తుంది. చికోరీ పొడి వేస్తే పావుగంటైనా దిగదు. 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అన్న భౌగోళిక గుర్తింపు) పొందిన అరకు వ్యాలీ అరబికాను పాలూ పంచదారా లేకుండా రుచి చూడాలనుకుంటే ఇంతకన్నా శుభ్రమైన దారి లేదు. కాగితాలు ఊళ్లో దొరక్కపోవచ్చు, వంద కట్ట ఒకేసారి తెప్పించుకోవాలి. కాగితం పెట్టిన గొట్టంలోంచి కాఫీని పిచికారీలా నొక్కి దించే ఏరోప్రెస్ కూడా ఈ జాతిదే, కానీ ప్లాస్టిక్, పగలదు, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, కడగడం ఇంకా సులువు. 18 గ్రాముల పొడికి 90 మి.లీ. నీళ్లే పోసి నొక్కితే ఒక్కరికి పాలకాఫీకి సరిపడా డికాషన్ వస్తుంది. హాస్టల్లో ఉండే పిల్లలకి, ఒంటరిగా ఉండేవాళ్లకి ఇది నప్పుతుంది. నలుగురున్న ఇంట్లో నాలుగుసార్లు నొక్కుతూ నిలబడాలి, ధర మాత్రం మంచి స్టీలు ఫిల్టరుకి ఎన్నో రెట్లు.

ఇంటి ఎస్‌ప్రెసో మిషన్ల మీద '15 బార్' అని పెద్దగా రాసుంటుంది. అది పంపు సామర్థ్యం, కప్పులో నాణ్యత కాదు. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25, 30 సెకన్లలో రావాలంటే పొడి అప్పటికప్పుడు, దానికి తగ్గ మెత్తదనంతో ఆడించాలి. మిషనుతో సమానంగా గ్రైండరుకీ ఖర్చు పెట్టాలన్నమాట. కఠినమైన నీళ్లు పోస్తే లోపలి సన్నగొట్టాలు పెంకు కట్టి పూడతాయి. కొనే ముందు రిపేరు మీ ఊళ్లో చేస్తారా, మిషన్ను చెన్నైకో విజయవాడకో మోసుకెళ్లాలా అన్నది రాతపూర్వకంగా అడగండి.

కొత్తగా కొనేవాళ్లకి మా వరస ఇది: చిన్న స్టీలు ఫిల్టరు, త్రాసు, ఆ తరవాత డబ్బులుంటే స్టీలు మోకా పాట్. కరెంటుతో నీళ్లు కాచి బుట్టలోని పొడి మీద పోసే ఎలక్ట్రిక్ డ్రిప్ మేకర్ కొందామనుకుంటే పొడి రెండింతలు వేయడానికి సిద్ధపడి కొనండి, దాని బుట్ట పాలకాఫీ లెక్కలో చేసింది కాదు. కింది పళ్లెం మీద డికాషన్‌ను అరగంటకు మించి వేడిగా ఉంచొద్దు, మాడువాసన పడుతుంది.